అగ్గిపెట్టెంత బొమ్మ

నేను నర్సీపట్నం బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసిన రోజుల్లో, వీడియో పెడితే బయట కనిపించే బొమ్మను విడిగా పెట్టే వీలు లేదు. సైటే వీడియోలోంచి మూడు బొమ్మలు తీసి ఒకటి ఎంచుకోమనేది. వాటిలో ఒకటి సరిగ్గా మధ్యలోది. అందుకని కావలసిన ఫోటోను వీడియో మధ్యలో కాసేపు నిలిపేవాణ్ణి. తెరమీద అది అగ్గిపెట్టెంత ఉంటుంది. ముఖం నిండుగా ఉండాలి, వెనక ఏ గందరగోళమూ ఉండకూడదు.

కోటవురట్ల వైపు నుంచి ఒకావిడ తన బావగారితో వచ్చింది. ఆవిడ భర్త జ్వరం తగ్గాక మతి నిలవక ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఆచూకీ చెప్పమని వీడియోలో ఆవిడే మాట్లాడింది. ఫోటో మాత్రం చర్చిలో సంఘపెద్ద అయిన బావగారు తెచ్చారు. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం.

"ఎనకాల మబ్బులెట్టు తమ్ముడూ. పక్కన సిలువెయ్యి. సభల పోస్టర్లో దైవసేవకుల్లాగ మర్యాదగా ఉండాలి," అన్నారు.

"ఎళ్ళినప్పుడు గడ్డం ఉందండీ బావగారూ," అందావిడ.

"మా తమ్ముణ్ణి బిచ్చగాడిలా సూపిత్తావేటి?"

మబ్బులే పెట్టాం.

వారం తర్వాత ఆవిడ ఒక్కతే వచ్చింది. "ఎవులైనా ఏటైనా సెప్పారా బాబూ?"

వీడియో కింద చాలామంది రాశారు. అందరూ బొమ్మ చూసి, మాటలు వినకుండానే ఆత్మకు శాంతి కోరినవాళ్ళే. సభల పోస్టరైతే పెద్దది కనుక తేదీ, చోటు చదివి సభ అనుకుంటారు. అగ్గిపెట్టెంత చేస్తే అక్షరాలు పోతాయి. మబ్బులూ సిలువా ముఖమూ మిగిలితే, అది చనిపోయినవాళ్ళ ఆదరణ కూడికకు వేసే కార్డే. ఆ మాటే ఆవిడకు చెప్పాను.

"తీసీ బాబూ. బేగి తీసీ," అంది. సంచీలోంచి గడ్డంతో, భుజాన తువ్వాలుతో ఉన్న ఫోటో తీసి ఇచ్చింది. ముఖం ఒక్కటే కత్తిరించి, వీడియో మళ్ళీ పెట్టాను.

ఆవిడ మళ్ళీ వచ్చి కూర్చున్న రోజే తునిలో నెట్ సెంటర్ నడిపే అతను, వీడియో కింద ఇచ్చిన మా నంబరుకు ఫోన్ చేశాడు. ఇద్దరం వినేలా స్పీకర్ పెట్టాను.

"ఈయన మా మెట్లమీద కూర్చునేవారండి. మంచినీళ్ళు అడిగేవారు. మీ మొదటి వీడియో బొమ్మ అప్పుడే చూశాను, తెరవలేదు. పోలికలు ఉన్నాయి గానీ, అందులో ఆయన పోయారు కదా, ఈయన వేరే ఎవరోలే అనుకున్నాను."

"ఇప్పుడున్నారా అండీ?" అని అడిగాను.

"మొన్న రైల్వే స్టేషన్ వైపు వెళ్ళారండి. మళ్ళీ రాలేదు."

ఆవిడ ఫోన్ దగ్గరికి వంగింది. "నీల్లిచ్చారా బాబూ?"

"ఇచ్చానమ్మా."

"ఏ బండెక్కాడో సూసారా?"

చూడలేదన్నాడు.