సవరణ పడని సమీక్ష

రాజోలు బస్టాండు వెనక టీవీ గేముల కొట్టు నడిపిన, మేమంతా బాబాయిగారని పిలిచే పెద్దాయన మొన్న మంగళవారం పొద్దున చనిపోయారు. ఆయన భార్య పిన్నిగారు ఫోను చేసి చెప్పారు. ఆయన అడిగిన సవరణ ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఈ నాలుగు మాటలూ అందుకే.

తొంభైల్లో ఆ కొట్టులో రెండు టీవీలు, ఒక బెంచీ, గోడ నిండా గేము క్యాసెట్లు ఉండేవి. ఏ క్యాసెట్టు తెచ్చినా ఆయనే ముందు చివరిదాకా ఆడేవారు. తర్వాత దాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి బాల్‌పెన్నుతో రాసేవారు. ‘మూడో స్టేజీలో వంతెన దగ్గర ఆగి దూకాలి.’ ‘ఇద్దరుంటేనే ఆడండి.’ బాగుందనీ బాగోలేదనీ మాత్రం రాసేవారు కాదు. ఎందుకని అడిగితే, “అది ఆడినోళ్లు చెప్పుకుంటారు కదండీ” అనేవారు.

ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాక కొట్టు జెరాక్సు సెంటరైంది. క్యాసెట్లు అటకెక్కాయి. నేను అప్పటికి పత్రికలో రిపోర్టర్ని. ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఒక మిత్రుడు గేముల వెబ్‌సైటు పెట్టి, పాత ఆటల మీద సమీక్షలు రాయమన్నాడు. బాబాయిగారి కొట్టులో అందరూ ఆడిన విమానాల ఆటతో మొదలుపెట్టాను. మిత్రుడు పంపిన కాపీని ఆఫీసు కంప్యూటర్లో అరగంట ఆడాను. శత్రువిమానాలు కంటికి ఆనకముందే నా విమానాన్ని కూల్చేస్తున్నాయి. మనిషి ఆడలేని ఆట అని రాసి, అయిదుకు ఒకటిన్నర ఇచ్చాను.

అది సైటులో పడ్డాక ప్రింటు తీసి ఆయనకు చూపించాను. రెండుసార్లు చదివారు.

“ఎందులో ఆడేరండీ?”

కంప్యూటర్లో అన్నాను.

“ఆయ్. అది మీ కంప్యూటరు పరుగండి. ఆట పరుగు కాదు.”

అటక మీంచి గేము పెట్టె దింపి, పాత టీవీకి తగిలించి, విమానాల క్యాసెట్టు పెట్టారు. ఆట నిదానంగా నడిచింది. పది నిమిషాల్లో రెండో స్టేజీ దాటాను.

కొనేవాళ్లు లేని ఆటలకు అసలు సమీక్షలెందుకు అన్నాను, తప్పించుకోడానికి.

“పంచాయతీ వార్తకైతే రెండువైపులా అడుగుతారు కదండీ రిపోర్టరు గారు, దీనికెవర్నడిగేరు?” అని నవ్వారు. తర్వాత నవ్వకుండా చెప్పారు. “రాయండి. మార్కులెయ్యకండి. ఎందులో ఆడేరో ముందు రాయండి. ఇంక ఈ ఆట దొరకదు. మీరు రాసిందే ఉండిపోద్దండి.”

సవరణ పంపుతానన్నాను. ఎన్నికలు వచ్చాయి, తర్వాత గోదావరికి వరద వచ్చింది. కనిపించినప్పుడల్లా “పడిందాండీ?” అనేవారు. కొన్నాళ్లకు అడగడం మానేశారు. వెబ్‌సైటు మూతపడింది. నా సమీక్షను మాత్రం ఎవరో ఇంకో సైటులో పెట్టుకున్నారు. ఒకటిన్నర అలాగే ఉంది.

ఆ ఆట వేగంలో తప్పు లేదు. నేను ఆడిన యంత్రం వేరు. ఆ సంగతి రాయకపోవడం నా తప్పు.

నిన్న పలకరింపుకు వెళ్తే పిన్నిగారు ఆ పెట్టె నన్నే తీసుకెళ్లమన్నారు. విమానాల క్యాసెట్టు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ప్లాస్టరు పసుపెక్కి ఒక మూల లేచింది. ఆ రోజు దాన్ని తిప్పి చూడలేదు నేను. బాల్‌పెన్ను అక్షరాలు ఇంకా చెరగలేదు: ‘విమానాలు నిదానంగానే వస్తాయి. కంగారు పడకండి.’