బిషప్ గారి నోరు

చర్చి ఉపదేశిని ఊళ్లో అందరూ ‘బిషప్ గారి నోరు’ అనేవారు. మొహం మీదే అనేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు.

బిషప్ గారు కుర్ర మిషనరీగా ఓడ దిగినప్పుడు ఇక్కడి భాషలో మంచినీళ్లు కూడా అడగలేకపోయేవారు. ఆయన ఒక వాక్యం అనగానే దాన్ని జనం భాషలో చెప్పడం ఉపదేశి పని. ఆయన ‘నేను’ అంటే ఇతనూ ‘నేను’ అనాలి. ఆయన కంటతడి పెడితే ఇతని గొంతూ వణకాలి. అలా చెప్పగా చెప్పగా బడి లేచింది, ఆసుపత్రి లేచింది, మిషనరీ బిషప్ అయ్యారు. భాష మాత్రం రాలేదు. ఇంకొకరి నోరు ఊరికే దొరికాక నేర్చుకునే ఖర్మేమిటి?

ఉపదేశికి ఒకటే కోరిక, పాదిరీని చేసే గురుపట్టం. అది లేనివాడు ప్రసంగం చెప్పొచ్చు, రోగి పక్కన ప్రార్థన చెయ్యొచ్చు, ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం మాత్రం ఇవ్వకూడదు. కన్నతల్లి చావుబతుకుల మధ్య ఆ రొట్టెముక్క అడిగితే, బిషప్ గారు పర్యటన నుంచి వచ్చేదాకా ఆగమ్మా అన్నాడు. ఆవిడ ఆగలేకపోయింది.

అడిగినప్పుడల్లా బిషప్ గారు అరచేతిలో వైకుంఠం చూపించేవారు. “వచ్చే ఏడు తప్పకుండా. ఇప్పుడు నిన్ను గురువును చేసి వేరే సంఘానికి పంపిస్తే, నా మాట ఎవరు చెప్తారయ్యా?”

చివరికి ఆయన పదవి దిగి స్వదేశం వెళ్లే రోజొచ్చింది. వీడ్కోలు సభలోనైనా తన పేరు చెబుతారని ఉపదేశి ఆశ. భార్య ముందు వరసలో కూర్చుంది.

“నాదొకటే దిగులు,” అన్నారు బిషప్ గారు. “గురుపట్టానికి తగినవాడు ఈ సంఘంలో నాకు ఒక్కడూ దొరకలేదు.”

ఉపదేశికి నోరు పెగల్లేదు. వినపడలేదేమోనని బిషప్ గారు అతని భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేసి, గొంతు పెంచి మళ్లీ అన్నారు.

“గురుపట్టానికి తగినవాడు ఈ సంఘంలో నాకు ఒక్కడూ దొరకలేదు,” అని జనానికి చెప్పాడు ఉపదేశి. గొంతు వణికింది. బిషప్ గారి బాధే అనుకుని జనం కళ్లు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చాక భార్య నిలదీసింది. “ఆ ఒక్క ముక్కా మింగేస్తే ఎవరికి తెలిసేది?”

“ఆయన మాట నేనెప్పుడూ మార్చలేదే.”

“మారిస్తే పాపం, సరే. మీ మాట ఒక్కటీ చెప్పకపోవడం పుణ్యమా?”



కొత్త బిషప్ వచ్చారు. ఆయనకీ ఇక్కడి భాష ముక్క రాదు. ఆదివారం పొద్దున్నే ఉపదేశికి కబురొచ్చింది. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఈయన మంచివాడంటున్నారే,” అన్నాడతను, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “కాస్త చనువు పెరిగాక అడిగి చూస్తాను.”