కాపరిని మార్చే పదకొండో నియమం

మట్టిలోంచి మనిషిని, మనిషిలోంచి నవ్వును పుట్టించిన దేవునికి ముందుగా స్తోత్రం. నా బుద్ధి కొలత తెలిసి కూడా నన్ను ఇన్నేళ్ళు తన మందిరంలో కూర్చోనిచ్చిన ఆయన ఓర్పుకు ఇంకొక స్తోత్రం. ఈ రెండూ చెల్లించాను గనుక ఇక దాచడానికేమీ లేదు. లాల్‌పేట్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘం నుంచి అయ్యగారిని, అంటే మా సంఘ కాపరి అయిన పాస్టరుగారిని, ట్రంకు పెట్టెతో సహా దాదాపు వెళ్ళగొట్టినవాణ్ణి నేనే. ఒక నోటుబుక్కుతో వెళ్ళగొట్టాను. అదీ ప్రేమతో.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చంద్రపూర్‌లో వీధికొక ఎస్టీడీ బూత్, బూత్‌కొక జిరాక్స్ మిషన్ పుట్టుకొస్తున్న రోజులు. దేశం తలుపులు తెరుచుకుంటున్నాయని పేపర్లు రాసేవి. ఆ తలుపుల్లోంచి నా దాకా వచ్చింది ఒక్కటే: స్టేషన్ దగ్గర పాత పుస్తకాల బండి మీద దొరికిన, అట్ట ఊడిన ఇంగ్లీషు పత్రిక. అందులో ఒక ఆట గురించి రాశారు. బల్ల చుట్టూ కూర్చుంటారట. ఒకడు కథ నడుపుతాడట. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోయి "నేను వాగు దాటుతా", "నేను చెట్టెక్కుతా" అంటారట. దాటాడా, మునిగాడా అన్నది పాచికలు తేలుస్తాయట. నియమాల పుస్తకం మాత్రం విదేశం నుంచి తెప్పించుకోవాలట.

మూడు రోజులు ప్రార్థించాను. దేవుడు వాన కురిపించి బిల్లు పంపడు గదా, ఆటకు మాత్రం ఎందుకు బిల్లు అనిపించింది. మనమే ఒకటి తయారుచేసుకుందాం, ఉచితంగా. నోటుబుక్కు మందిరంలో వెనక బెంచీ మీద ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, నకలు తీసుకోవచ్చు, కొత్త నియమం కలపొచ్చు. ఎవరూ "ఇది నాది" అనకూడదు.

ఇక్కడ నా తెలుగు గురించి ఒక మాట చెప్పకపోతే మీకు మిగతా కథ అర్థం కాదు. నేను చదివింది మరాఠీ బళ్ళో. తెలుగు అక్షరాలు నేర్పింది అయ్యగారి భార్య. ఆమెను మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆదివారం సాయంత్రాలు గనికాలనీ పిల్లలందరినీ కూర్చోబెట్టి దిద్దించేది. ఊళ్ళో మాకు మరో తెలుగు బడి లేదు. చదవడానికి ఆమె దగ్గరున్నది పరిశుద్ధ గ్రంథం ఒక్కటే. దాంతో నేను తెలుగులో ఏది రాసినా కొండ మీద నుంచి రాతిపలకపై దిగివచ్చినట్టుండేది. ఉప్పు తెమ్మని నాన్నకు చీటీ రాయాలన్నా "గృహమందు ఉప్పు లేకపోయెను" అని రాసేవాణ్ణి.

ఆట నియమాలూ అలాగే దిగివచ్చాయి. కథ నడిపేవాడికి నాకు తోచిన మాట "కాపరి". ఆడేవాళ్ళు "గొర్రెలు". అందరూ కలిసి "మంద". కథేమో లక్కడ్‌కోట్ నుంచి అడవి దారిన చంద్రపూర్ చేరడం. పాచికలు జూదం కిందికి వస్తాయి గనుక చీట్లు పెట్టాను. చీట్లు వేయడం లేఖనాల్లోనే ఉంది. కొత్తగా చీట్లెందుకని, మందిరంలో కీర్తన నంబరు చూపే బోర్డు అంకెలనే వాడుకున్నాం. శనివారం సాయంత్రం వాటిని బిస్కెట్ డబ్బాలో వేసి తీయడం, ఆదివారం పొద్దున తిరిగి బోర్డు దగ్గర పెట్టడం. కొన్నాళ్ళకు ఏడు అంకె కనిపించకుండా పోయింది. సంఘం నెలరోజులు ఏడు లేని కీర్తనలే పాడింది.

నోటుబుక్కు మాత్రం కానుగ మొక్కలా పెరిగింది. స్త్రీల కూడిక వాళ్ళు ఒక నియమం కలిపారు: "అన్నం తినకుండ ఎవ్వరు పులితో కొట్లాడొద్దు." ఎవరో మరాఠీ లిపిలో తెలుగు రాశారు. నేను వినయంతో నిండిపోయి పదకొండోది రాశాను: "కాపరి గర్వించినచో ముగ్గురు గొర్రెలు చేతులెత్తి వానిని తీసివేసి మరియొకని నిలుపవలెను."

నకళ్ళు తీసింది సుధాకర్. నా స్నేహితుడు, బూత్‌లో జిరాక్స్ మిషన్ నడిపేవాడు. "ఇది ఒక ఆట" అన్న మాట నేను నోటుబుక్కు అట్ట మీద మాత్రమే రాశాను. అట్ట మీదున్నది మళ్ళీ లోపల రాయడం కాగితం దండగనుకున్నాను.

"అట్ట తియ్యలేదేందిరా?" అని అడిగాను.

"ఖాకీ అట్ట మొత్తం నల్లగ వస్తది. ఇంకు దండుగ. లోపల ఉన్నది చాలదా?"

చాలుతుందనుకున్నాను. దండగ విషయంలో మేమిద్దరం చాలా జాగ్రత్తపరులం. ఆ కాగితాలు రాజురా, బల్లార్‌పూర్, లక్కడ్‌కోట్ సంఘాలకు వెళ్ళాయి.

ఆరు శనివారాలు నేనే కాపరిని. ఏడో శనివారం గొర్రెలు మూడు చేతులెత్తాయి. నా నియమంతో నన్నే తీసేసి సుధాకర్‌ను పెట్టుకున్నాయి.

మర్నాడు ఆరాధన అయ్యాక ఓదెలు మామ నన్ను వెనక గదిలోకి పిలిచాడు. గనిలో దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంప్ రూమ్ ఆయనది, మందిరంలో సంఘ పెద్ద. చేతిలో జిరాక్స్ కాగితం. లక్కడ్‌కోట్ బావమరిది పంపాడట.

"కూసో. ఇది నీ రాతనేనా?"

"నాదే మామా."

బొగ్గు తవ్వినట్టు ఒక్కో అక్షరం తవ్వి చదివాడు. "కా...పరి గర్విం...చినచో..."

"పదకొండో నియమం," అన్నాను, కాస్త గర్వంగానే.

"ఉత్త రాతనేనా? చేసిండ్రా?"

"నిన్ననే చేసిండ్రు మామా. ముగ్గురు చేతులెత్తిండ్రు. కాపరిని తీసేసిండ్రు."

"ఏం తప్పు చేసిండని?"

"మస్తు మాట్లాడుతడంట. ఎవల్నీ నోరు తెరువనిస్తలేడంట. నీళ్ళు దాటిన ముచ్చట గంటసేపు చెప్తడంట."

అంతకు ముందు ఆదివారం అయ్యగారు సముద్రం దాటడం గురించి గంటన్నర ప్రసంగం చేశారు. అది నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. మామకు వచ్చింది.

"మరి గొర్రెలో?"

"నాలుగు పోయినయ్ మామా. గందుకే ఇంకింత కోపం."

నేనన్నది ఆటలో వాగులో మునిగిన నలుగురి మాట. ఆ నెలలోనే నాలుగు కుటుంబాలు బల్లార్‌పూర్ సంఘానికి మారిపోయాయి. అదీ నాకు గుర్తు రాలేదు.

"నువ్వు చెయ్యి లేపినవా?"

"నేనెట్ల లేపుత మామా?"

"అది మంచిగ చేసినవ్. కొత్త కాపరి ఎవడు?"

"సుధాకర్."

"జిరాక్స్ సుధాకరా? వాడు పదో క్లాసు రెండుసార్లు ఫెయిలయిండు కదరా."

"కథ మంచిగ చెప్తడు మామా."

"గీ రూల్ రాయమని నిన్నెవడు రెచ్చగొట్టిండు?"

"ఎవరూ లేరు. గర్వం రావద్దని నేనే రాసిన. రూల్ రూలే. ఎవలికైనా ఒక్కటే."

మామ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆట విషయం ఇంతగా పట్టించుకునే పెద్దమనిషి ఉన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ బయటికొచ్చాను. గుమ్మం పక్కన అయ్యగారు గొడుగు కోసం వచ్చి నిలబడి ఉన్నారు. వందనాలు చెప్పాను. ఆయన వినిపించనట్టు గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయారు. చెవి నొప్పేమో అనుకున్నాను.

బుధవారం వాళ్ళింటికి వెళితే అమ్మగారు గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది.

"ఊరికి పోతుండ్రా అమ్మగారూ?"

"పోక ఏం చేస్తాం నాయనా. పిల్లలకు బండి ర దాకా చెప్పాను. గుణింతాలు ఎవరు చెబుతారో."

సెలవులకు వెళ్తున్నారనుకున్నాను. పాత ట్రంకు పెట్టె గొళ్ళెం ఊడిపోయి ఉంది. వెంటనే బజారుకు పరిగెత్తి కొబ్బరితాడు తెచ్చి, పెట్టెను గట్టిగా, పీకినా ఊడనంత గట్టిగా కట్టాను. అయ్యగారు కుర్చీలోంచి చూస్తున్నారు.

"నీకు చాలా తొందరగా ఉన్నట్టుంది," అన్నారు.

"మీకు శ్రమ కావద్దని అయ్యగారూ. ఆటో కూడ చెప్పి రావాల్నా?"

పాఠకులారా, దయచేసి ఇక్కడ కొంచెం ఆగి నన్ను క్షమించండి. తర్వాత తీరిక ఉండదు.

ఆదివారం అయ్యగారు ప్రసంగ పీఠం ఎక్కి, జేబులోంచి ఆ జిరాక్స్ కాగితం తీశారు. "ఇవాళ ప్రసంగం లేదు. మీ నియమం ప్రకారం మీరు నన్ను తీసేశారు. నాకిష్టమైన కీర్తన నంబరులో ఏడు ఉంది. ఆ అంకె నెలరోజులుగా దొరకడం లేదు. దాన్నీ సూచనగానే తీసుకున్నాను." పదకొండో నియమం చదివారు. ఆయన గొంతులో అది ఎంత బాగుందంటే, ముందు వరుసలో ఇద్దరు ఆమేన్ అన్నారు.

నా తలలో ఓదెలు మామ ప్రశ్నలు, గొడుగు, కొబ్బరితాడు ఒకదాని వెనక ఒకటి వెలిగాయి. లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, అది ఆట."

"సంఘం నీకు ఆటగా ఉందా?"

"కాదు అయ్యగారూ. అండ్ల కాపరి మీరు కాదు. కాపరిని నేను."

ఓదెలు మామ సంఘం వైపు తిరిగాడు. "ఇన్నరా? అప్పుడే కాపరి కుర్చీల కూసున్నడు."

"నేను లేను మామా ఇప్పుడు. నన్ను తీసేసిండ్రు. ఇప్పుడు సుధాకర్."

"ఒక్క నెలల ఇద్దర్ని మార్చిండ్రా?"

సుధాకర్ బెంచీ కిందికి వంగి చెప్పు వెతుక్కుంటున్నట్టు నటిస్తున్నాడు. వెతికే చెప్పు కాలికే ఉంది. అప్పుడు అమ్మగారు స్త్రీల వైపు నుంచి లేచింది. నా చేతిరాత ఆమెకు తెలియనిది కాదు, దిద్దించింది ఆమే.

"ఆట అయితే సామాను ఉండాలి కదా. చూపించు."

వెనక బెంచీ నుంచి నోటుబుక్కు, బిస్కెట్ డబ్బా తెచ్చాను. అట్ట మీద "ఇది ఒక ఆట" అని చూపించాను. పులి గురించిన నియమం ఆమె పైకి చదివింది. రాసిన స్త్రీలు తలలు వంచుకున్నారు. డబ్బా బోర్లించింది. ఆ పొద్దున నేను బోర్డు దగ్గర పెట్టడం మరిచిన అంకెలు రాలాయి. అడుగున పరిచిన కాగితం లాగితే దాని కింద నుంచి ఏడు అంకె బయటపడింది.

అయ్యగారు దాన్ని తీసుకుని చొక్కాకు తుడిచి, బోర్డు దగ్గరికి నడిచి పెట్టారు. కీర్తన పాడాం. సాయంత్రం నేను కట్టిన తాడు ఊడక కత్తిపీటతో కోయాల్సివచ్చింది. పిల్లలు పై ఆదివారం నుంచి బండి ర దాటి గుణింతాల్లోకి వెళ్ళారు.

"మీ ఆట నేనూ చూస్తాను," అన్నారు అయ్యగారు. శనివారం అమ్మగారితో కలిసి వచ్చారు. ఓదెలు మామ కూడా, నిఘా కోసమని వచ్చి కూర్చున్నాడు. సుధాకర్ గౌరవంగా లేచి కాపరి స్థానం అయ్యగారికి ఇచ్చాడు. ఆయన కథ మొదలుపెట్టారు. మంద వాగు ఒడ్డుకు చేరింది. ముప్పావుగంట తర్వాత మంద ఇంకా ఒడ్డునే ఉంది. వాగుకు ఆత్మీయ అర్థాలు మూడు ఉన్నాయట, రెండోదాంట్లో ఉన్నారు.

సుధాకర్ చెయ్యి మెల్లగా లేచింది. తర్వాత ఓదెలు మామది. "రూల్ రూలే అయ్యగారూ," అన్నాడు నేల చూస్తూ. అయ్యగారు చిరునవ్వుతో మూడో చెయ్యి కోసం చుట్టూ చూశారు. నేను నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

మూడో చెయ్యి అమ్మగారిది.

ఆయన అడిగి కలం తీసుకుని నోటుబుక్కులో నలభయ్యో నియమం రాశారు: "తీసివేయబడిన కాపరికి టీ ఇయ్యవలెను." ఆ నియమాన్ని ఇప్పటిదాకా ఎవరూ మార్చలేదు.

ఇందుమూలంగా నేను దేవుని ఎదుట, సంఘం ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ప్రతి పేజీ పైన "ఇది ఆట" అని రాయకుండా ఇక ఏ నియమమూ రాయను. ఎవరి పెట్టెకూ, ఎక్కడికి వెళ్తున్నారో అడగకుండా తాడు కట్టను. ఈ ప్రమాణం నిలబడాలని మీరూ నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. నా సంగతి నాకు తెలుసు గనుక, రెండు నిమిషాలైతే ఇంకా మంచిది.