గోడ పెచ్చులు

వ్యాండలిజం అనే మాట డిగ్రీలో నేర్చుకున్నాను. ఇంకొకరి ఆస్తిని కావాలని పాడుచేయడం అని అర్థం. ఆ ‘కావాలని’ లేనిచోట ఆ మాట వాడకూడదని మా లెక్చరర్ చెప్పేవారు. ఈ మధ్య ఆ మాట ఏన్కూరులో మా పాప చదివే బడి నుంచి నా ఫోనుకే వచ్చింది. యూకేజీ పిల్ల తరగతి గోడను గీకి పాడుచేస్తోందట. మానకపోతే వచ్చే ఏడాది సీటు ఇవ్వరట.

వెళ్లి చూశాను. పాప కూర్చునే మూలలో జానెడు మేర సున్నం లేచి ఇటుక కనిపిస్తోంది. కింద ఒక్క పెచ్చు కూడా లేదు. అదెందుకో అప్పుడు నాకు తట్టలేదు.

“చదువుకున్నోళ్లు, మీరే గిట్ల వదిలేస్తే ఎట్ల మేడమ్?” అంది హెడ్మిస్ట్రెస్.

“ఎందుకు గీకినవ్ బిడ్డా?” అని అడిగితే పాప పెదవులు బిగించుకుంది.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ ముద్ద పెట్టబోయి పాప నోట్లోకి చూసింది. నాలుక మీద తెల్లగా సున్నం.

“ఓ పిల్లా, పాడుచేసుడు గాదు, మింగుతాంది నీ బిడ్డ! కడుపుతోని ఉన్నప్పుడు నువ్వు బలపాలు నమలలేదా? గిదీ గదే.”

“అప్పుడు నాకు రక్తం తక్కువుండె కదా అత్తమ్మా.”

“అవ్. మరి దీన్ని గూడ సూపియ్యి. జల్దీ పో.”

దవాఖానాలో డాక్టరమ్మ పాప కంటి కింది రెప్పను లాగి చూసింది. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. “రక్తం తక్కువైతే పిల్లలు ఇట్లాంటివి తింటరమ్మా. తిట్టకండి,” అని పరీక్షలు చేయించి, సిరప్ రాసింది. నా కళ్ల ముందే తిరిగే పిల్ల ఇంతగా పాలిపోతుంటే నేనేం చూస్తున్నానో!

చీటీ చూపిస్తే హెడ్మిస్ట్రెస్ “అయ్యో” అంది. సీటు తీసేయబోమంది. “కానీ గోడ పక్కకు కూసోబెట్టం మేడమ్. మిగతా పిల్లలు గూడ నేర్చుకుంటరు.” పాపకు తరగతి మధ్యలో విడిగా కుర్చీ వేశారు. ఫోనుకి పంపిన మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

మందు పనిచేస్తోంది. రెప్పల లోపల కాస్త ఎరుపు కనిపిస్తోంది. సున్నం తినడం మానేసింది. అయితే ఇప్పుడు ఇంట్లో కూడా గోడకు ఆనుకోదు. చాప గోడవారగా పరిస్తే గది మధ్యకు లాక్కుంటుంది. నిన్న బొమ్మలు గీస్తూ గీస్తూ వీపు నొప్పి అంది.

“గోడకు ఆనుకో తల్లీ.”

“వద్దమ్మా, పాడైతది.”