అక్క కోసం పూసిన గోడలు

మొన్న వానలు వెనకబట్టాక మా మనవరాలికి మూడు రోజులు వరసగా జ్వరం వస్తే, మా నంద్యాల వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్త ఇంటికే వచ్చి, పిల్ల వేలి కొసన సూదితో పొడిచి, ఒక చుక్క రక్తం చిన్న తెల్లని పట్టీ మీద వేసి, పావుగంట ఆగమంది. నేను గడియారం చూశాను. పదహారు నిమిషాలకు ఆమె పట్టీని వెలుతురుకు పట్టి చూసి, మలేరియా కాదని చెప్పి, వేరే పరీక్షలకు చీటీ రాసిచ్చింది. చలి ఏ వేళకు మొదలవుతోంది, రోజూ వస్తోందా, రోజు మార్చి రోజా అని నేను మనవరాలిని అడుగుతుంటే ఆ కార్యకర్త నవ్వి, "అవన్నీ ఇప్పుడెవరు లెక్కపెడతారవ్వా" అంది. నిజమే, ఇప్పుడెవరూ లెక్కపెట్టరు. నేను పెట్టాను. నాకు పదమూడో ఏడు నడుస్తుండగా, 1957లో, మా అక్క చలిజ్వరం తేదీలు, వేళలు నోటుబుక్కు వెనక పేజీలో రాసి ఉంచాను. ఆ పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది గానీ తేదీలు మాత్రం నన్ను వదల్లేదు.

మాది ఆళ్లగడ్డ. రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల వీధికి చివరిల్లు మాది, మట్టిగోడల మిద్దె. నాయనకు కాలువ కింద మూడున్నర ఎకరాల మడి ఉండేది. కాలువ నీళ్లు వదిలి, వానలు కూడా పడ్డాక, ఆగస్టు నుంచి నవంబరు దాకా మా వీధిలో చలిజ్వరం లేని ఇల్లు ఉండేది కాదు. మీలో ఆ కాలం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మంచం కోళ్లు నేల మీద టకటకలాడేంత వణుకు, ఇంట్లో ఉన్న బొంతలూ కంబళ్లూ అన్నీ కప్పినా ఆగని వణుకు, తర్వాత నిప్పులాంటి ఒళ్లు, ఆ తర్వాత పరుపు తడిసేంత చెమట, మర్నాడు ఏమీ ఎరగనట్టు లేచి తిరగడం, ఆ మర్నాడు అదే వేళకు మళ్లీ వణుకు. మామూలు రోజుల్లో మా వీధిలో తొమ్మిది ఉలుల చప్పుడు వినిపించేది. ఆ నాలుగు నెలల్లో నేను ఉదయం గుమ్మంలో నిలబడి చప్పుళ్లు లెక్కపెట్టి, ఈరోజు అయిదే ఉన్నాయి, నలుగురు పడుకున్నారు అని అమ్మకు చెప్పేదాన్ని. జ్వరం ఎందుకొస్తుందంటే ఒకరు కొత్తనీళ్లనేవాళ్లు, ఒకరు దోసకాయలనేవాళ్లు, మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, గాలి అనేది. దోమ అన్నవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. దోమలు కుట్టడం మాకు ఎండ కాయడం లాంటిది, దానికొక ఫలితం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఆ ఏడు ఆగస్టు 27, మంగళవారం, సర్కారు తరఫున గోడలకు మందు కొట్టేవాళ్లు మా వీధికి వచ్చారు. అంతకుముందు కూడా ఊళ్లోకి వచ్చారు గానీ మా వీధి దాకా రావడం అదే మొదలు. ఖాకీ నిక్కర్లు, బకెట్లు, నేల మీద పెట్టి కాలితో అదిమిపట్టి కొట్టే పంపులు. ఒకతను పంపు కొడుతుంటే ఇంకొకతను పొడవాటి గొట్టంతో పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, గోడంతా తడిపాడు. ఆడవాళ్లందరూ కుండలూ చెంబులూ ఎత్తుకుని దొడ్లోకి పోయారు. నేను మాత్రం చింతపండు జాడీ పట్టుకుని వాకిట్లోనే ఉండిపోయాను, అందుకని మేస్త్రీ నాయనతో చెప్పిన మాట నా చెవిన పడింది. ఆరు నెలలు గోడలు కడగొద్దు, మట్టి పూయొద్దు, సున్నం కొట్టొద్దు అని. ఎందుకో అతను చెప్పలేదు, నాయన అడగలేదు. మడికి నీళ్ల వంతు వచ్చిందని అప్పుడే చేలోకి పోయాడు. తలుపు మీద ఎర్ర రంగుతో తేదీ వేసి వాళ్లు పక్కింటికి వెళ్లారు.

ఇంట్లోకి వచ్చిన జేజికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గోడల నిండా తెల్లని చారలు, ముక్కు పగిలే వాసన, చెప్పులతో తొక్కిన వంటిల్లు. అయినా రెండు రోజులు ఓర్చుకుంది, ఎందుకంటే మందుకు మంచాల్లోని నల్లులు చచ్చిపోతున్నాయి. గురువారం పొద్దున మంచాలు విదిలిస్తే ఒక్క నల్లి కూడా కదలలేదు. జేజికి అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు. వెంటనే, మందు పని అయిపోయింది, ఇంక గోడలు పూసేద్దాం అంది.

పూయడం ఊరికే కాదు. మా అక్కకు కొలిమిగుండ్లలో ఇచ్చి రెండేళ్లయింది. తొలికానుపు. ఏడో నెలలో పుట్టింటికి తీసుకొస్తున్నాం. గర్భిణిగా వచ్చే ఆడపిల్ల అడుగుపెట్టే ఇంటికి ఎర్రమన్నూ పేడా కలిపి గోడలు పూసి, పైన సుద్ద కొట్టి, కింద ఎర్రని జాజు పట్టీ తీయకపోతే, ఆ పిల్ల రావడం ఇష్టంలేదని చెప్పినట్టే. మా వైపు ఇది ఎంత గట్టి ఆనవాయితీ అంటే, ఇంట్లో తినడానికి లేనివాళ్లు కూడా కుందూ ఏటి ఒడ్డుకు పోయి మట్టి తెచ్చి పూసేవాళ్లు. నేను మేస్త్రీ చెప్పిన మాట చెప్పాను. జేజి నన్ను పై నుంచి కింది దాకా చూసి, "జ్వరం గోడకొచ్చిందా మే, మనిషికొచ్చిందా? గోడకు మందేస్తే మనిషికి జ్వరం పోతాదా?" అంది. నాకూ అది సరైన ప్రశ్నగానే తోచింది. అమ్మ ఒక్కసారి అనుమానించి, నాయనను అడుగుదామంది గానీ, మగవాళ్లకు గోడల సంగతి ఏం తెలుసని జేజి మట్టి కలిపేసింది.

పక్కింట్లో దూది ఏకే సాయిబు కుటుంబం ఉండేది, మొగుడూ పెళ్లామూ ముగ్గురు పిల్లలూ. ఆమెను నేను పిన్నమ్మ అనేదాన్ని. పిన్నమ్మకు పూయాల్సిన పండగేదీ దగ్గర్లో లేదు, పైగా మణికట్టు బెణికి ఉంది. జేజి పిట్టగోడ మీంచి, "ఏందమ్మే, గోడలు బూడిద పూసుకున్న సన్యాసి మాదిరుండాయి, చేతులు పడిపోయినాయా?" అంటే, పిన్నమ్మ నవ్వి, "నా గోడలు నాకు బాగుండాయి జేజమ్మా, నీకు నొప్పైతే నువ్వొచ్చి పూయ్" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండు రోజులు పూశాం. జేజి, అమ్మ వంటిల్లూ వసారా పూస్తే, అక్క పడుకోబోయే గదిని నాకు అప్పగించారు. నాకు ఏ పనైనా ఒక పద్ధతిలో ఉండాలి. గోడను మనసులో గళ్లుగా విడదీసుకుని, ఒక గడి పూర్తయ్యాకే ఇంకో గడికి పోతూ, మూలల్లో వేళ్లు పెట్టి, దూలం కింద కూడా నిచ్చెనేసుకుని ఎక్కి, మందు చార ఒక్కటి కూడా కనిపించకుండా పూశాను. తలుపు మీది తేదీని మాత్రం, సర్కారోళ్లు అడుగుతారేమోనని చెరపలేదు. పది రోజుల తర్వాత ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, తలుపు మీది తేదీ చూసి, పుస్తకంలో రాసుకుని, లోపలికి తొంగిచూడకుండానే వెళ్లిపోయాడు. ఆయన లెక్కలో మా ఇల్లు మందు కొట్టిన ఇల్లే.

సెప్టెంబరు 5న అక్క వచ్చింది. గదిలోకి రాగానే గోడకు అరచెయ్యి రాసి, "ఎంత నున్నగా పూసినావే, అద్దం మాదిరుండాది" అంది. ఇంకెవరు మెచ్చుకున్నా నాకు అంత ఆనందం కలగలేదు, అప్పుడూ, తర్వాతా.

సరిగ్గా ఇరవై తొమ్మిదో రోజు, అక్టోబరు 4 శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకు అక్కకు చలి మొదలైంది. ఆదివారం రెండుంబావుకు. మంగళవారం మళ్లీ మూడింటికి. నేలవేము కషాయం పోశారు, తాయెత్తు కట్టారు. కొయినా మందు, అంటే క్వినైన్, ఇప్పిద్దామని నాయన అంటే, ఆ చేదుకు కడుపు జారుతుందని అమ్మ ఏడ్చింది. గురువారం పొద్దున నాయన ఇంక ఆగేది లేదు, నంద్యాల పోదాం అన్నాడు. అప్పుడు నేను నా నోటుబుక్కు తెచ్చి చూపించాను. ఈరోజు వంతు రోజు, రేపు ఖాళీ రోజు, రేపు పోతే దారిలో వణుకు రాదు అన్నాను. అందరూ నా తెలివికి మెచ్చుకుని ఒప్పుకున్నారు. శుక్రవారం పొద్దున బస్సెక్కాం. శిరివెళ్ల దాటగానే, తొమ్మిదీ నలభైకి, ఖాళీ రోజున, నా లెక్కను తన్నేసి అక్కకు చలి వచ్చింది. బస్సులో కప్పడానికి ఏముంది? ఎదురుగా కూర్చున్న ఒకాయన తన తువ్వాలు ఇచ్చాడు. కండక్టరు ఇంజన్ పక్కన వేడిగా ఉంటుందని అక్కను ముందుకు జరిపించాడు. అమ్మ అక్కను వాటేసుకుంటే, అమ్మ కూడా అక్కతో పాటే ఊగిపోయింది. నేను గడియారం ఉన్న మనిషినల్లా టైమెంత అని అడుగుతూ కూర్చున్నాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

నంద్యాల ఆసుపత్రిలో లేడీ డాక్టరు అక్క వేలి నుంచి రక్తం తీసి గాజుపలక మీద పూసి, దాన్ని కర్నూలు పంపించాలి, జవాబు రావడానికి వారం పైన పడుతుంది, అందాకా ఆగను, మందు ఇప్పుడే మొదలుపెడతాను అంది. అమ్మ కడుపు సంగతి ఎత్తగానే ఆమె, "ఇన్నాళ్లు జ్వరాన్ని ఉంచితేనే కడుపుకు ముప్పమ్మా" అంది, కోప్పడకుండా. శనివారం కూడా జ్వరం వచ్చింది. ఆదివారం, 13వ తేదీ, జ్వరం దిగింది. ఆ పొద్దునే ఎనిమిదీ ఇరవైకి, నెలలు నిండకుండా, ఆడపిల్ల పుట్టింది. నా మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా కూడా లేదు. దూదిలో చుట్టి అమ్మ ఒళ్లో పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి ప్రాణం పోయింది. అయిదు గంటల నలభై నిమిషాలు. ఆ రక్తపరీక్ష తాలూకు కార్డు మా ఇంటికి 23వ తేదీ బుధవారం వచ్చింది. మలేరియా ఉన్నదనీ, చికిత్స చేయించవలసిందనీ.

ఆ సీజనులో మా ఇంట్లో అక్కతో కలిపి అయిదుగురిలో నలుగురికి జ్వరం వచ్చింది. పక్కింటి పిన్నమ్మ వాళ్ల అయిదుగురిలో ఒక్కరికీ రాలేదు. ఆ అంకెలు నా కళ్ల ముందే ఉన్నా, రెంటినీ కలిపి చూడడం నాకు తెలియలేదు. 1958లో మందు కొట్టారు, మేము మళ్లీ పూశాం.

1959 ఎండాకాలం నుంచి పదిహేను రోజులకోసారి జ్వరాలు విచారించే ఉద్యోగి ఒకాయన సైకిలు మీద రావడం మొదలైంది. ఓపిక గల మనిషి. ఏం అడిగినా చెప్పేవాడు. ఒకరోజు మా వాకిట్లో కూర్చుని మజ్జిగ తాగుతూ, దోమ మనిషి రక్తం తాగి బరువెక్కి, ఎగరలేక దగ్గర్లో ఉన్న గోడ మీద వాలుతుందనీ, గోడ మీది మందు దాని కాళ్లకు అంటి చస్తుందనీ, చావకపోతే పది పన్నెండు రోజులకు అదే దోమ ఇంకొకరికి జ్వరం ఎక్కిస్తుందనీ, అందుకే మందు మీద మట్టి పూస్తే మందు లేనట్టేననీ చెప్పాడు. జేజి అడిగిన ప్రశ్నకు జవాబు అది. రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఒక్క ఇంటి లెక్కతో ఏదీ తేలదని నాకు తెలుసు, ఆ దోమ ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? కానీ ఆ గదిని గడి గడిగా పూసినది నేను. ఆయన సైకిలెక్కి వెళ్లాక చూస్తే జేజి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. అంతా వినింది. నన్ను దగ్గరికి పిలిచి, "ఈ మాట మీ అక్కతో అనొద్దు" అంది.

ఆ సెప్టెంబరులోనే అక్క మళ్లీ కానుపుకు వచ్చింది. గోడల మీద తెల్లని చారలు అలాగే ఉన్నాయి. జేజి ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. అక్క గుమ్మంలోనే ఆగిపోయి, "నేనొస్తాండానని తెలిసి కూడా గోడలు పూయలేదేందే? నేను రావడం అచ్చిరాలేదనా?" అని నన్నే అడిగింది. జేజి లోపలి నుంచి, "నా నడుము పట్టుకుపోయిందిలేమ్మా, ఈళ్లకు చేతకాదు" అంది. జేజి నడుముకు ఏమీ కాలేదు. అక్క నమ్మలేదు. ఆ రెండు నెలలూ ఆ గదిలో గోడ వైపు వీపు పెట్టి పడుకుంది. జ్వరం రాలేదు. నవంబరులో నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. మరుసటి ఏడు నాకు పెళ్లయి నంద్యాల వచ్చేశాను.

ఇప్పుడు మా వైపు మట్టిగోడలు లేవు, ఆడపిల్ల వస్తుందని గోడలు పూసే చేతులూ లేవు. కానుపుకు వచ్చే పిల్లలు ఆసుపత్రి గదుల రంగులు చూసుకుంటారు. మందు ఎందుకు కొడుతున్నారో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. ఇంత తేలిక మాట మాకు చెప్పేవాళ్లు ఆరోజు ఎవరూ లేకపోయారు, మేము అడగనూ లేదు. అక్క ముసలితనంలో కూడా తన కూతురితో, నువ్వు పుట్టినప్పుడు మా అమ్మోళ్లు గోడలకు మట్టి కూడా పూయలేదే అని నవ్వుతూనే నిష్ఠూరమాడేది, నేను పక్కనే కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తూ ఉండేదాన్ని. అక్క పోయి పదకొండేళ్లు. అక్టోబరు 13న పుట్టిన ఆ పిల్ల ఉంటే మొన్నటికి అరవై ఎనిమిది నిండేవి. ఈ కూడిక నేను ఏటా వేస్తాను. అక్క కూడా వేసుకునేదేమో, మేమిద్దరం ఒక్కసారి కూడా కలిసి వేయలేదు.