గుట్ట దిగిన మట్టి

మా చిన్నప్పుడు... వాన వెలిస్తే పిల్లలు కాగితం పడవలు వదిలేవాళ్లట. ఎవరి పిల్లలో మరి! మా ఊళ్లో వాన వెలిస్తే పిల్లల నెత్తిన తట్టలు పెట్టేవాళ్లు.

పొదిలి నుంచి బస్సెక్కి, దిగాక ఇంకో పూట నడిస్తే మా గుట్ట. పైన గుప్పెడు ఇళ్లు. రాళ్ల మధ్య జానెడు మందం ఎర్రమట్టి... దాన్నే మేము పొలం అనేవాళ్లం. గట్టి వాన పడిందంటే ఆ మట్టి కాస్తా గట్లు తెంచుకుని, కింద నల్లరేగడి చేలలోకి దిగిపోయేది. తెల్లారి చూస్తే నల్లటి చేను మీద ఎర్రటి మేట... అది ఎవరి మట్టో పంచాయతీ పెట్టి తేల్చనక్కర్లేదు, రంగే చెప్పేది.

దానికొక కట్టుబాటు ఉండేది. కింది రైతు అరక కట్టి దున్నేదాకా ఆ మట్టి గుట్టవాళ్లది. నాగలి తగిలిందా, ఇక అతనిది. తడిసిన రేగడి ఆరి అరక దిగాలంటే కొన్నాళ్లు పడుతుంది కాబట్టి మాకు వ్యవధి దొరికేది. ఊరంతా తట్టలతో దిగి, ఎవరి మట్టి వాళ్లు మోసుకుని పైకెక్కేవాళ్లు. భూమిని నెత్తిన మోసేది ఆదిశేషుడని బళ్లో చెప్పారు గానీ... నేను చూసింది మా అమ్మని.

మా పొలం చెక్క కింద ఉన్న చేను మా మేనమామది. అమ్మకి సొంత తమ్ముడు. "నీకేమమ్మా, మట్టి జారినా పుట్టింటికే జారుతుంది" అని ఊళ్లో ఎగతాళి.

ఆ ఏడు అమ్మ ఇంటి పెరట్లో పోసిన మిరపనారు నాటుకొచ్చింది. రేపు నాటాలనగా కుంభవృష్టి. తెల్లారేసరికి మా చెక్కలో రాళ్లు పళ్లికిలిస్తున్నాయి. మట్టి తెచ్చుకుంటే నారు బతుకుతుంది, మా ఏడాది గడుస్తుంది. తెచ్చుకోలేకపోతే రెండూ లేవు.

నాన్న మంచం దిగలేదు. "బావమరిదితో పేచీ పెట్టుకోమాక" అన్నాడు దుప్పట్లోంచి. పౌరుషం ఉంది పాపం, చలికి బయటికి రాలేదంతే.

అమ్మా నేనూ తట్టలతో దిగేసరికి... మామయ్య దున్నుతున్నాడు.

బుద్ధున్నవాడెవడూ తడి రేగడిలో అరక కట్టడు. ఎడ్లు మోకాళ్లదాకా దిగబడతాయి, చేను గడ్డకట్టి పాడవుతుంది. పోనీ చేనంతా దున్నుతున్నాడా అంటే అదీ కాదు. మా ఎర్రమట్టి పరుచుకున్న మేరే... అంగుళం వదలకుండా. ఎడ్ల నోట నురగ.

"ఒరేయ్! తడైనా ఆరనియ్యరా!" గట్టు మీంచే అరిచింది అమ్మ.

"దున్నడానికి పదునుగానే ఉందిలే అక్కా."

"ఏం పదునురా? ఎడ్లు చస్తన్నాయి!"

"చస్తే నా ఎడ్లు. చేను నాది. అరక తగిలింది కాబట్టి మట్టీ నాదే. ఆ కట్టుబాటు నేను పెట్టానా ఏంది?"

"తోబుట్టువు నోట్లో మట్టి కొడతావురా?"

"నోట్లో యాడ కొట్టానక్కా, చేలో కలుపుకుంటన్నా." ఎడ్లని అదిలించి మళ్లీ తనే అన్నాడు, "ఇంక ఆ నారు ఎండబెట్టుకోవడం దేనికి? కిందికి పంపియ్యి, ఇక్కడ నాటుకుంటా. నీ చేతి నారు బాగుంటది."

మెచ్చుకున్నాడు కూడా. మావాళ్లకి మర్యాద ఎక్కువ.

అమ్మ వెనుదిరిగింది. "ఆగక్కా" అని పిలిచాడు. మనసు మారిందేమో అనుకున్నాను... ఎనిమిదేళ్లదాన్ని, అనుకోవడానికేం!

"ఆ కాళ్లు కడుక్కుని ఎక్కండి. వాటికంటిందీ నాదే."

పక్క చేలవాళ్లు పగలబడి నవ్వారు. అమ్మ గట్టు పక్క గుంటలో నీళ్లు దోసిట పట్టి ముందు నా కాళ్లు కడిగింది... వేళ్ల సందులతో సహా. తర్వాత తనవి.

పైకెక్కి, నారంతా పీకి, మేకల ముందు పారేసింది. ఆ ఏడు మా ఇంట్లో కడుపునిండా తిన్నది ఆ మేకలే. "చూశారా మా కోడలికి పుట్టింటివాళ్లు పెట్టిన సారె" అంటూ మా నాయనమ్మ గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పుకొచ్చింది.

మిరపకోతలప్పుడు అమ్మ కూలికెళ్లింది. ఎవరి చేలోకో చెప్పాలా? వేరే వాళ్ల నారే తెచ్చి నాటాడు మామయ్య. ఆ ఎర్రమట్టి మేర కాయ మరీ నిగనిగలాడింది. అమ్మ వంచిన తల ఎత్తకుండా కోసింది. సాయంత్రం కాళ్లు కడుక్కుని మరీ గుట్టెక్కేది... ఎవరూ చెప్పకుండానే.

తర్వాత నేను చదువుకున్నాను, బళ్లో పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను. గుట్ట నా అంత అదృష్టవంతురాలు కాదు. దాని మట్టికి గ్రావెల్ అని పేరు పెట్టి, జేసీబీలతో తవ్వి, లారీల్లో దించేశారు. పైన ఊరూ లేదు... అసలు 'పైన' అన్నదే లేదు.

మొన్న మామయ్య మనవడి గృహప్రవేశానికి వెళ్లాను. ఆ చేలోనే కట్టారు. రేగడిలో ఇల్లు నిలవదని నడుంలోతు మా గుట్ట మట్టి పోసి లేపారట. అమ్మ ఎప్పుడో పోయింది గానీ మామయ్య ఇంకా ఉన్నాడు. తడినేలలో అరక కట్టడం యముడికి కూడా ఇష్టం లేదేమో, ఇంకా ఇటు రాలేదు.

బయల్దేరేటప్పుడు గేటు దగ్గర చెంబుతో నీళ్లు తెప్పించుకుని కాళ్లు కడుక్కుంటున్నాను. కుర్చీలోంచి చూశాడు మామయ్య.

"ఇప్పుడెందుకే కడగడం? ఇదంతా మీ గుట్ట మట్టేగా... కావాలంటే తీసుకుపో!" బోసినోటితో నవ్వాడు. అంటే గుర్తుంది... అంతా గుర్తుంది.

"తీసుకుపోతాలే మామయ్యా... ఎక్కడికి ఎక్కించమంటావు?"

"అదీ నిజమేనే" అని ఇంకా నవ్వాడు.

నేను రెండో కాలు కూడా కడుక్కున్నాను. వేళ్ల సందులతో సహా.

అప్పట్లో మట్టి ఎంత దూరం జారినా, మోసుకెళ్లి పోసుకోవడానికి పైన ఒక ఊరుండేది... మీ ఊరి మట్టి ఇప్పుడు ఎవరి ఇంటి కింద ఉందో మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి. తట్టలు మాత్రం తెచ్చుకోకండి.