కత్తెర పట్టిన పాపం

కోదాడలో మా చెల్లెలు మంజుల కుట్టిన జాకెట్టుకు వంక పెట్టినవాళ్లు లేరు. ఆ లోటు తీర్చడానికే అన్నట్టు దొరికింది అత్త లక్ష్మీనర్సమ్మ. మంజుల మొగుడు రాజ్‌కుమార్ మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేస్తాడు. అత్తవారిల్లు మాడుగులపల్లి.

2022లో దీపావళి మర్నాడు సూర్యగ్రహణం. మంజులకు మూడో నెల. సాయంత్రం గ్రహణం పట్టకముందే తలుపులేసి చాప మీద పడుకోబెట్టింది అత్త. గోక్కోకూడదట, ఒత్తిగిలకూడదట! ఆ పొద్దున మాత్రం మా పిచ్చిది ఒక జాకెట్టు కత్తిరించింది. పొద్దున!

సూర్యాపేటలో కాన్పయింది. పాప శ్రీజకు అంగిలి చీలి ఉంది, గుండెలో చిన్న రంధ్రం, పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. మనవాళ్లు దానికి పేరు ముందే పెట్టి ఉంచారు కదా, గ్రహణం మొర్రి అని! ఇక సాక్ష్యం ఎందుకు? "కత్తెర పట్టినవ్, పిల్ల నోరు కోసినవ్" అంది అత్త. అది సరే, నాకు ఒళ్లు మండేది మంజుల కూడా నమ్మినందుకు. కత్తెర ముట్టడమే మానేసి, చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చుంది.

అంగిలికి ఆపరేషన్ అయినా పిల్లకు మాటలు సరిగా రాలేదు. హైదరాబాద్‌లో రక్తపరీక్ష చేసి, ఇరవై రెండో క్రోమోజోములో చిన్న ముక్క లేదన్నాడు డాక్టరు. లక్ష్మీనర్సమ్మ ఎగిరి గంతేసింది. "ఇన్నరా? ముక్కనే లేదంట! కోసింది గదా మరి!" ఆహా, ఏం తెలివి! కడుపులో పడ్డప్పుడే ఆ లోటు ఉంటుందని, ఏ కత్తెరా అక్కడికి చేరదని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. తల్లిదండ్రుల రక్తం కూడా చూడాలన్నాడు.

అప్పటికే హుజూర్‌నగర్‌లో కొడుక్కు రెండో సంబంధం చూసిపెట్టింది మహాతల్లి. మంజులను వదిలించుకోవడానికి పెద్దమనుషులకు చూపించే కాగితం కావాలి. "తప్పు దీనిదేనని డాక్టర్‌తోనే రాయిస్త" అంటూ కొడుకును రక్తపరీక్షకు తానే దగ్గరుండి తీసుకొచ్చింది. రాజ్‌కుమార్ నోరెత్తలేదు. ఎత్తితే సగం మాట ముక్కులోంచే వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే, ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

కాగితం వచ్చింది. ఆ రోజు మంజులకు తోడుగా నేనూ వెళ్లాను. మంజుల రక్తంలో ఏ లోటూ లేదు. ముక్క లేనిది రాజ్‌కుమార్‌కు. అతని నుంచే పిల్లకు వచ్చింది. ఇకముందు అతనికి పుట్టే ఏ బిడ్డకైనా రావడానికి సగానికి సగం అవకాశం ఉందట. "ఇది ఎవరి తప్పూ కాదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ ఒక్క మాట మాత్రం ఎంత బాగా వినపడిందో ఆవిడకు! "అవును సారూ, ఎవ్వరి తప్పు గాదు. దేవుడు గిట్ల జేసిండు" అంటూ కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పోదాం పా బిడ్డా." అంతవరకు ఏనాడూ ఆ నోట బిడ్డా అన్న పిలుపు లేదు.

మంజుల ఏడ్చింది. ఏడుస్తూనే చెయ్యి విడిపించుకుంది. "నా బిడ్డ నోరు నేనే కోశాననుకుంటూ ఇన్నాళ్లూ చచ్చి బతికాను అత్తమ్మా. ఆ హుజూర్‌నగర్ వాళ్లకు ఫోన్ చేసి, ఈ కాగితంలో ఏముందో నా ఎదురుగా చెప్పండి. అప్పుడొస్తా."

ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంది. నొక్కలేదు. మేం శ్రీజను ఎత్తుకుని కోదాడ బస్సెక్కాం.